నీళ్లడుగని పువ్వు

అమీర్‌పేట, పంజాగుట్టలలో ఇండ్ల నడుమ మిగిలిన జానెడు నేలపై పచ్చిక పెంచుటను గొప్పగా ఎంచుదురు. నేనును మా వాకిట పెంచితిని. వేసవి సాయంకాలములందు గొట్టము పట్టి తడుపుచుండగా, ఈ నీరు ఎవరిదను ప్రశ్న నన్ను విడువలేదు. నగరమునకు కృష్ణాజలము నాగార్జునసాగరు నుండి నూరు కిలోమీటర్లకు పైగా గొట్టములలో వచ్చుచున్నది. దారిలోని చేలకు అది దక్కదు.

ప్రియ చదువరులారా, వానకాలమున మీ చేనిగట్లపై నేలనంటి నీలిపువ్వులు పూయు విష్ణుక్రాంతను మీరెరుగుదురు. పేరు మన పొరుగువారు పెట్టినది, పువ్వు దేవుడు చేసినది. పచ్చిక తీసివేసి, తొలకరికి దాని గింజలు చల్లితిని. మొదటి యేడు వయ్యారిభామను పూతకు రాకమునుపే, చేతికి గుడ్డ చుట్టుకొని, వేళ్లతో సహా పెరుకవలసివచ్చెను. అది తేలికపని కాదు. పిమ్మట వానయే చాలెను. వేసవిలో మాత్రము నేల బోసిపోవును. “వాకిలి పాడుపెట్టితిరేమి?” అని వచ్చినవారు అడిగిరి.

ఇది సోమరితనమా? నేనును కొంతకాలము అట్లే భయపడితిని. అయితే మత్తయి 6వ అధ్యాయమున ప్రభువు చూడుమన్నది నాటిన తోటను కాదు, అడవిపువ్వులను. తడుపుటలో మునిగి, చూచుటకు నాకు తీరిక లేకపోయెను.

ఇప్పుడు గొట్టము గోడకు తగిలించియున్నది. ఉదయమున గడపలో కూర్చుందును. మధ్యాహ్నము దాటగా ఆ పువ్వులు ముడుచుకొనును.