ముందు అరగంట ఆగు, అల్లుడా

"నా వల్ల కాదు మామా" అన్నావు మొన్న. సిగరెట్ ఏం చేస్తుందో నేను చెప్పక్కర్లేదు, పెట్టె మీద బొమ్మే చెబుతోంది. అయినా నాచారంలో షిఫ్టు దిగి టీ గ్లాసు అందుకోగానే నీ రెండో చెయ్యి జేబులోకి పోతుంది. నీకు లేనిది తెలివిడి కాదు బిడ్డా, మానగలనన్న ధీమా.

అది లేనివాడు మొదటి రోజే చేతులెత్తేస్తాడు. ఉన్నవాడు నాలుగుసార్లు తప్పినా మళ్ళీ మొదలుపెడతాడు. ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1977లోనే దీన్ని సిద్ధాంతంగా రాశాడు. స్వయంగా ఒక పని చేసి గెలిస్తే వచ్చే ధీమాయే అన్నిటికన్నా గట్టిదన్నాడు. మనలాంటివాళ్ళు చేయగా చూసినా కొంత వస్తుంది. పెద్దవాళ్ళు చెబితే వచ్చేది తక్కువే, అందుకే నా మాటల మీదే ఆధారపడకు.

మన ఘట్‌కేసర్ నుంచి వరంగల్ రోడ్డున పోతే బీబీనగర్ దాటాక భువనగిరి గుట్ట. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ కొండలెక్కడం మొదట నేర్చుకుంది ఆ బండ మీదే. కూలి చేసుకునే అమ్మానాన్నల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు. ఆ బండను చూసి మొదట కాళ్ళు వణికాయని తనే చెప్పింది. పైకెక్కాక భయం పోయింది. డార్జిలింగ్, లద్దాఖ్ ఆ తర్వాతే. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, ఎవరెస్ట్ మీద నిలబడింది. ఖమ్మం జిల్లా పిల్లాడు ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. కోచ్ శేఖర్ బాబు వాళ్ళను నేరుగా ఎవరెస్ట్‌కు తీసుకుపోలేదు చూడు.

నువ్వేమో "రేపటి నుంచి జన్మలో ముట్టను" అని ఒట్టు పెట్టుకుంటావు. అది ఎవరెస్ట్. నీ భువనగిరి బండ టీ తర్వాతి సిగరెట్. అదొక్కటి అరగంట వెనక్కి జరుపు. మనసు లాగితే మంచినీళ్ళు తాగు, రోడ్డు చివరిదాకా నడిచి రా. ఆ తహతహ కొద్ది నిమిషాల్లో సద్దుమణుగుతుంది. ఆపుకోగలిగానని నీకే తెలిశాక, మర్నాడు గంట ఆగడానికి అంత జంకవు. మధ్యలో ఎప్పుడైనా ఒకటి కాల్చావనుకో, "ఇంకేముంది, అంతా పోయింది" అని పెట్టె కొనకు. కాలింది ఒకటే. అప్పటిదాకా ఆగిన రోజులన్నీ నీవే.

ఒక్కడివల్ల కాకపోతే 1800112356కు ఫోన్ చెయ్యి. పొగాకు మానాలనుకునేవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు అది. రేపు షిఫ్టు దిగాక అరగంట ఆగి, నాకో ఫోన్ కొట్టు.