చోటు చాలనప్పుడు ఎవరు తగ్గాలి?



ఉమ్రిలో ఉన్న మనకు సముద్రము వందల కిలోమీటర్ల దూరము. మన చుట్టూ నల్లరేగడి, పత్తి, జొన్న. అయినను ఈ మాసము భీమిలి తీరమును గురించి రాస్తున్నాము. అక్కడ స్థలము కొనేవారిలో అనేకులు అక్కడ కాపురముండేవారు కారు. దూరమున ఉద్యోగము చేసుకొంటూ, నెలనెలా వాయిదాలు కట్టి, ఎప్పటికైనా ధర పెరుగుతుందని ఎదురు చూసేవారు. అటువంటివారిలో మనమూ ఉన్నాము, లేదా రేపు ఉండగలము. గనుక ఈ ప్రశ్న మనదే.

భీమునిపట్నము గోస్తని నది సముద్రములో కలిసే చోట ఉన్న చిన్న పట్టణము. డచ్చివారు పదిహేడవ శతాబ్దములో అక్కడ వర్తకము చేశారు. 1861లోనే పురపాలక సంఘము ఏర్పడినది. కెనడా బాప్టిస్టు మిషనరీలు 1870లలో అక్కడికి వచ్చి సువార్త పని ప్రారంభించారు. వారి పరిచర్యవలన పుట్టిన ఉత్తర సర్కారుల సంఘాలు మనకు సహోదర సంఘాలు. చాలాకాలము అది జాలరులు, కొబ్బరి తోటలు, ఎర్రమట్టి దిబ్బలు ఉన్న నెమ్మదైన తీరము.

పక్కనున్న విశాఖపట్నము జనసంఖ్య 1951లో లక్షకు కొంచెము పైన. 2011 నాటికి అది 17 లక్షలు దాటినది. ఓడరేవు, ఉక్కు కర్మాగారము, నౌకాదళము, తరువాత రుషికొండ మీద ఐ.టి. కంపెనీలు వచ్చాయి. ఊరు పెరగడానికి ఒక వైపు కొండలు, మరొక వైపు సముద్రము అడ్డము. గనుక ఉత్తరముగా, బీచ్ రోడ్డు వెంట పాకినది. 2013లో భీమిలిని మహానగరములో కలిపారు. 2019 డిసెంబరులో విశాఖను పరిపాలనా రాజధాని చేస్తామన్న మాట వచ్చినది. ఆ మాట నిలువలేదు గాని, దాని వెంట లేచిన ఆశలు తీరమంతా వ్యాపించాయి. 2023 మే నెలలో భోగాపురము విమానాశ్రయమునకు శంకుస్థాపన జరిగినది. ఆ నిర్మాణము కొరకు నాలుగు పల్లెలవారు ఇండ్లు విడిచి పునరావాస కాలనీలకు వెళ్లారు. ఇప్పుడు ఆ దారి పొడవునా వెంచర్ల బోర్డులు, ముగ్గు గీతలు, సరిహద్దు రాళ్లు కనబడతాయి.

అభివృద్ధి పాపమా? కాదు. రోడ్డు వస్తే గర్భిణీ స్త్రీ త్వరగా ఆసుపత్రికి చేరును. పని దొరికితే జాలరి కుమారుడు మనవలె పరాయి రాష్ట్రమునకు పోనక్కరలేదు. ఇక్కడ మరొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మన పితరులలో అనేకులకు సెంటు భూమి లేదు. ఊరి బయట, ఒకరి దయమీద గుడిసె వేసుకొన్నారు. అటువంటివారి మనుమడు పరాయి ఊరిలో కష్టపడి, తన పేర 200 గజములు రిజిస్టరు చేయించుకొన్ననాడు అది దురాశ అని ఎవరు అనగలరు? తరతరములుగా భూమి అనుభవించినవారు అతనికి తృప్తిని గురించి బోధించడము న్యాయము కాదు. మేమూ ఆ బోధ చేయబోము.

అయితే ప్రశ్న అక్కడితో తీరదు. నాబోతు ద్రాక్షతోట సంగతి (1 రాజులు 21) ఆలోచించండి. అహాబు మొదట బలవంతము చేయలేదు. ఇంకా మంచి తోట ఇస్తాననెను, లేదా వెల ఇస్తాననెను. ఈనాటి లెక్కలో అది ధర్మమైన బేరమే. నాబోతుకు మాత్రము అది సరుకు కాదు, పితరుల స్వాస్థ్యము. వెల సరిపోయినంత మాత్రమున అమ్మకము ధర్మమైపోదని ఆ అధ్యాయము మనకు నేర్పుచున్నది. అమ్మనని చెప్పగల స్వేచ్ఛ అమ్మేవానికి నిజముగా ఉన్నదా అని కూడా చూడాలి.

తీరములో ఈ సంగతి మరింత కఠినము. రైతుకు పట్టా ఉంటుంది. జాలరి వల ఆరవేసే ఇసుకకు పట్టా ఉండదు. పడవ పైకి లాగే చోటు, చేపలు ఎండబెట్టే చోటు, అలివి వల లాగడానికి ఇరవైమంది నిలబడే చోటు, రేవుకు పోయే కాలిబాట, ఇవేవీ ఏ దస్తావేజులోను కనబడవు. తాతల నాటినుండి వాడుకొన్నదే వారి హక్కు. ఆ బాటకు అడ్డముగా ప్రహరీ గోడ లేచినప్పుడు కాగితము ప్రకారము ఎవరి సొత్తూ పోలేదు. అయినను ఒక పల్లె బ్రతుకు పోయినది.

చట్టము ఉన్నది కదా అందురు. ఉన్నది. 1991లో తీరప్రాంత నియంత్రణ ప్రకటన వచ్చినది. పోటు గీతనుండి 500 మీటర్ల వరకు దాని అదుపు. గ్రామీణ తీరములో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడములు కూడవనిరి. 2019 ప్రకటన జనము ఒత్తుగా ఉన్న పల్లెలలో, అనగా చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి ఉన్నచోట, ఆ 200 మీటర్లను 50కి తగ్గించినది. అక్కడివారు తమ ఇండ్లు బాగుచేసుకొనుటకు అది మేలే. అదే సందున బయటి పెట్టుబడి కూడా దూరగలదు. అట్లే 1977 చట్టము బీదలకిచ్చిన డి-పట్టా భూములను అమ్మకూడదన్నది. 2023 సవరణ 20 ఏండ్లు దాటినవాటికి దారి తెరిచినది. తలుపు తెరువబడినంత మాత్రమున మనము లోపలికి పోవలెనని లేదు. చట్టము ఎంతవరకు చేయవచ్చునో చెప్పును. ఎక్కడ ఆగవలెనో మనస్సాక్షి చెప్పాలి.

ఇరుకు అనేది కేవలము జనసంఖ్య కాదు. ఇసుక దిబ్బలు వాన నీటిని పీల్చుకొని భూమిలో మంచినీటిని నిలుపును. ఆ నీటి బరువే ఉప్పునీటిని లోపలికి రాకుండ ఆపును. దిబ్బలు చదును చేసి, ప్రతి అపార్టుమెంటుకు లోతైన బోరు వేస్తే సముద్రము అడుగునుండి నూతులలోనికి వచ్చును. భీమిలి ఎర్రమట్టి దిబ్బలు వేల ఏండ్లుగా గాలి, వాన, సముద్రము కలిసి కట్టినవి. వాటిని 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. అంతకు ముందు ఏడాదే అక్కడ ఇండ్ల స్థలాల కొరకు తవ్వకములు జరిగి, అభ్యంతరములు రాగా ఆగిపోయాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ తీరమును ఎట్లు ఊపినదో మనము మరువలేదు. దిబ్బ, సరుగుడు తోట అలలకు, గాలికి అడ్డు నిలుచును. ప్లాటు రాయి నిలువదు.

ఇప్పుడు ఆదికాండము 13వ అధ్యాయము తెరవండి. అబ్రాముకు, లోతుకు మందలు పెరిగాయి. ఆ దేశము ఇద్దరికి చాలలేదు. కాపరుల మధ్య కలహము పుట్టినది. ఇరుకును గురించి బైబిలు చెప్పే మొదటి కథలలో ఇది ఒకటి. ముందుగా కోరుకొనే హక్కు ఎవరిది? పెద్దవాడైన అబ్రాముది. పిలుపు పొందినవాడు కూడా ఆయనే. ఆయన ఆ హక్కును విడిచిపెట్టి, చిన్నవానికి ఇచ్చెను. లోతు నీళ్లు పారే మైదానమును చూచి ఎన్నుకొనెను. దాని పొరుగు ఎటువంటిదో విచారించలేదు. ఈనాటి మాటలో చెప్పాలంటే, లోతు బ్రోచరు చూచి కొన్నాడు.

చోటు చాలనప్పుడు బలవంతుడే తగ్గాలి. మేము చెప్పదలచిన మాట ఇదే. ఊరిలో మన పితరులు బలహీనులు. వారికి ఎవరూ తగ్గలేదు. భీమిలి జాలరి ఎదుట నెల జీతము, బ్యాంకు అప్పు దొరికే మనము బలవంతులము. బాధితుల బిడ్డలము గనుక మనవలన ఎవరికీ బాధ కలుగదని అనుకొనుట మోసము. లేవీయకాండము 25వ అధ్యాయము భూమి దేవునిదని, ఆయన యొద్ద మనమందరము పరదేశులమని చెప్పుచున్నది. పరదేశము అంటే ఏమిటో వలస వచ్చిన మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

గనుక ఇల్లు వేరు, పందెము వేరు అని గుర్తించుదము. కాపురముండుటకు కొనేవాడు ఆ ఊరికి పొరుగువాడగును. నూతి నీరు ఉప్పైతే అతడు త్రాగుతాడు, బాట మూస్తే అతడూ చుట్టూ తిరుగుతాడు. ధర కొరకు కొని ఖాళీగా పెట్టువాడు ఊరిలో చోటు తీసుకొని, ఊరి భారము మోయడు. యెషయా 5:8లో ప్రవక్త అయ్యో అని పలికినది ఇల్లు లేనివాని మీద కాదు, ఇంటికి ఇల్లు, పొలానికి పొలము కలుపుకొనేవాని మీద.

అడ్వాన్సు ఇచ్చే ముందు మన కుటుంబములలో నాలుగు సంగతులు విచారించుదము. ఈ నేలను ఇంతవరకు ఎవరు వాడుకొన్నారు? వారు మనసార అమ్మారా, అప్పుకు, భయమునకు అమ్మారా? ఇది డి-పట్టా భూమియా, దిబ్బయా, చెరువా, రేవు బాటయా? మనము అక్కడ ఉండబోతున్నామా? ఆ ఊరికి పోయి, ఏజెంటుతో గాక పల్లెవారితో ఒక పూట మాట్లాడితే సగము జవాబులు దొరుకును. తీరములో ప్రార్థనా మందిరమునకో, కూటముల ఆవరణకో స్థలము చూచే సంఘములకు కూడా ఇవే ప్రశ్నలు.

ఇక్కడ ఉమ్రి, నాందేడ్ వైపు రోడ్డు పక్క పొలములు గుంఠాల లెక్కన అమ్ముడుపోవడము చూస్తూనే ఉన్నాము. తీరమునకు చెప్పిన మాట నల్లరేగడికి కూడా వర్తించును. అబ్రాము మొదటి ఎంపిక వదులుకొన్నాడు గాని భూమి లేనివాడై పోలేదు. లోతు వెళ్లిన తరువాతనే దేవుడు అతనిని కన్నులెత్తి నలుదిక్కులు చూడుమనెను. తగ్గినవాడు నష్టపోడన్న విశ్వాసము మనకున్నయెడల, మన కొనుగోలు కాగితములలో కూడా అది కనబడును గాక.