హైబర్నేట్, హేమంతం: చలికాలం దాటడం అంటే ఏంటి?

ధనుర్మాసం వీడియో ఈ వారం ఎందుకు రాలేదని చాలామంది అడిగారు. షూట్ అయిపోయింది, ఎడిటింగ్ కూడా సగం అయింది. నేనే ఆపేశాను. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను.

ఆ వీడియో ల్యాప్‌టాప్‌లో మనం చూసే 'హైబర్నేట్' అనే మాటతో మొదలవుతుంది. అది నొక్కితే సిస్టమ్ పనంతా ఎక్కడిదక్కడ దాచుకుని పడుకుంటుంది. చలి దేశాల ఎలుగుబంట్లు చేసేది కూడా ఇంచుమించు అదే. మన కవ్వాల్ అడవి ఎలుగుబంట్లు మాత్రం అలా పడుకోవు, చలికాలమంతా తిరుగుతూనే ఉంటాయి. అసలు ఆ మాటకు మొదట నిద్ర అనే అర్థమే లేదు. లాటిన్‌లో 'హైబెర్నా' అంటే రోమన్ సైన్యం చలికాలం గడిపే శిబిరం. హైబర్నేట్ అంటే చలికాలం గడపడం, అంతే.

ఇంకో సంగతి వింటే ఆశ్చర్యపోతారు. ఆ లాటిన్ మాటకూ, మన సంస్కృతంలోని 'హిమ', 'హేమంత' అనే మాటలకూ మూలం ఒక్కటే. హిమాలయం అనే పేరులో ఉన్న హిమమే, మీ ల్యాప్‌టాప్ మెనూలో కూడా ఉంది. వేదంలో ఋషులు నిండు ఆయుష్షు కోరేటప్పుడు కొన్నిచోట్ల నూరు హిమాలు కావాలని అడిగారు. ఒక చలికాలం దాటితే ఒక ఏడాది బతికినట్టే లెక్క.

మూలం ఒక్కటే అయినా దారులు వేరయ్యాయి. అక్కడ ఆ మాట పడుకోవడం వైపు వెళ్లింది. మన సంప్రదాయం చలికాలంలో నిద్ర లేపుతుంది. ధనుర్మాసంలో తెల్లవారకముందే గుడి తలుపులు తెరుస్తారు. ఆదిలాబాద్‌లో చలి 5 డిగ్రీల కిందికి పడిపోయే రోజుల్లోనే మెస్రం వంశం వాళ్లు గోదావరి నీళ్ల కోసం కాలినడకన బయల్దేరతారు. ఆ నీళ్లతో పుష్య అమావాస్య రాత్రి కేస్లాపూర్‌లో నాగోబాకు అభిషేకం చేస్తారు.

ఇదంతా చెప్పి, చివర్లో తితిక్ష గురించి మాట్లాడాలనుకున్నాను. చలి, వేడి వస్తాయి, పోతాయి, ఓర్చుకో అని కృష్ణుడు గీత రెండో అధ్యాయంలో అర్జునుడికి చెప్పిన మాట. షూటింగ్‌కి ధర్మపురి వెళ్లాం. గోదావరి ఒడ్డున తెల్లవారుజామున ఐదింటికి హాలోజన్ లైట్లు పెట్టాం. ఇగం అంటే ఏంటో అక్కడ తెలిసింది, మాట్లాడుతుంటే నోట్లోంచి పొగ వస్తోంది. నేను జాకెట్ లోపల రెండు స్వెటర్లు వేసుకుని, చలిని ఓర్చుకోవడం ఎలాగో కెమెరాకు చెబుతున్నాను.

దీపాలు అమ్ముకునే ఒక ముసలామె మెల్లగా వచ్చి లైటు పక్కన కూర్చుంది. టేక్ పాడవుతోందని నాకు చిరాకొచ్చింది.

"అవ్వా, జర అవుతలికి జరుగు, వీడియోల పడుతున్నవ్" అన్నాను.

"లైటు కాడ ఎచ్చగున్నది బిడ్డా, గందుకే వచ్చిన" అని లేచి, మళ్లీ చీకట్లోకి వెళ్లిపోయింది. ఒంటి మీద పాత నేత చీర, దాని మీద ఒక తువ్వాల. అంతే.

నేను టేక్ పూర్తి చేశాను. అది కూడా చెప్పాలి. పూర్తి చేశాను. ఇంటికొచ్చి ఎడిటింగ్‌లో చూస్తే, నా గొంతు తితిక్ష అంటోంది, వెనకాల ఆమె నడిచి వెళ్లిపోతోంది.

అప్పటినుంచి ఒకటే ప్రశ్న. ఓర్చుకో అనే మాట ఎవరు ఎవరికి చెప్పొచ్చు? నాకు నేను చెప్పుకుంటే అది సాధన. చలిలో ఉన్నవాళ్లకు వెచ్చగా ఉన్నవాడు చెబితే అది తప్పించుకోవడం. కృష్ణుడు చెప్పలేదా అని అడగొచ్చు. చెప్పాడు. కానీ అర్జునుడి రథం మీదే కూర్చుని, ఆయన గుర్రాల పగ్గాలు చేత పట్టుకుని చెప్పాడు. బాణాలు వచ్చే చోట తానూ ఉన్నాడు.

రామాయణం అరణ్యకాండలో హేమంతం వస్తుంది. అదీ ఇదే గోదావరి ఒడ్డున, ఎగువన పంచవటిలో. రాముడు, సీత, లక్ష్మణుడు తెల్లవారుజామున స్నానానికి వెళ్తుంటారు. లక్ష్మణుడు చలికాలం అందమంతా చెబుతూ వచ్చి, ఒకచోట భరతుడిని తలుచుకుంటాడు. ఈ చలిలో నేల మీద పడుకుంటున్నాడే, ఈపాటికి సరయూ నదిలో దిగి ఉంటాడే అని బాధపడతాడు. ఆ బాధలో కైకేయిని నిందిస్తే రాముడు ఆపేస్తాడు. అమ్మను ఏమీ అనకు, భరతుడి సంగతి చెప్పు అంటాడు. అడవిలో చలికి వణకాల్సింది వాళ్లు. అయినా వాళ్లకు గుర్తొచ్చింది ఇంకొకరి చలి.

నాకు అర్థమైనంతవరకు, చలికాలం దాటడం అంటే మన ఒంటిని ఎలాగో వసంతం దాకా చేర్చడం ఒక్కటే కాదు. మన చలి మనకు ఇంకొకరి చలిని గుర్తు చేయాలి. మనం కప్పుకునే రజాయిలోని పత్తి కూడా ఎవరో మంచులో చేలోకి దిగి ఏరిందే కదా.

వీడియో మళ్లీ తీస్తాం. ఈసారి ముందుగా నెగడు వేసి, అక్కడున్నవాళ్లతో కలిసి కాసేపు కాగి, ఆ తర్వాతే కెమెరా ఆన్ చేస్తాం. దుప్పట్లు పంచుతూ మాత్రం వీడియో తీయం. ఇచ్చేది ఇస్తాం, అంతే.

మీరు కూడా రేపు పొద్దున గుడికి వెళ్లే దారిలో ఒకసారి చూడండి. మీకంటే ముందే లేచి చలిలో ఉన్నవాళ్లు ఉంటారు. రోడ్డు ఊడ్చే అక్క, పాల ప్యాకెట్లు వేసే తమ్ముడు, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్. ఒక గ్లాసు వేడి చాయ్ ఇచ్చి, రెండు నిమిషాలు వాళ్లతో పాటే చలిలో నిలబడండి. గుడి కాస్త ఆలస్యమైనా ఏం కాదు.

జై శ్రీమన్నారాయణ.