ఎద్దు ఎవరి కోసం లాగుతోంది?

తిరునాళ్లలో జరిగే బండలాగుడు పోటీలు మన పుల్లలచెరువు, మార్కాపురం ప్రాంతాల వారికి కొత్త కాదు. ఇచ్చిన సమయంలో బండను ఎక్కువ దూరం లాగిన ఎడ్లజతకే బహుమతి. ఈలలూ కేకలూ మనవి, రొప్పు ఎద్దుది. ఇందులో తప్పుందా?

మంచుసీమ అలాస్కాను చూడండి. 1925లో నోమ్ పట్టణంలో కంఠసర్పి వ్యాధి పిల్లలను బలిగొంటున్నప్పుడు, సుమారు 150 కుక్కలు వంతులవారీగా మంచుబండ్లను లాగి, 1,085 కిలోమీటర్ల దూరం మందును అయిదున్నర రోజుల్లో చేర్చాయి. 1973 నుండి అక్కడే ఇడిటరాడ్ అనే కుక్కబండ్ల పందెం జరుగుతోంది. దారిలో ఒకచోట 24 గంటల విశ్రాంతి తప్పనిసరి. నడవలేని కుక్కను మజిలీలో పశువైద్యులకు అప్పగిస్తారు. అయినా కొన్ని కుక్కలు చనిపోయాయి.

ప్రాణం నిలపడానికి చేయించిన శ్రమ వేరు, మన పేరు కోసం చేయించే శ్రమ వేరు. నిజమే, ఉలవలు పెట్టి బిడ్డలా సాకే రైతుకు ఎద్దుపై ప్రేమ లేదనలేం. కాని ఆ ప్రేమకు పరీక్ష మేపడంలో లేదు. బహుమతి చేతికందబోయే వేళ, ఎద్దు మోకాలు వంగితే ఏం చేస్తామన్నదే పరీక్ష. విశ్రాంతి దినాన్ని దేవుడు ఎద్దుకు కూడా ఇచ్చాడు గదా!

ఈసారి మీ జత బరిలో దిగితే ముల్లుకర్ర ఇంట్లోనే ఉంచండి. ఎద్దు అలసితే కాడి దించండి. మీ పిల్లలు చూస్తుంటారు.