నవల, చలనచిత్రం: ఋణం ఎవరికి?

నవల చదివి సినిమాకు వెళ్ళినవారు సాధారణంగా ఒక లెక్క కడతారు: ఏ ఘట్టం పోయింది, ఏది కొత్తగా చేరింది? ఈ లెక్కతో దర్శకుని నిజాయితీ తేలదని నా వాదన.

విభూతిభూషణ్ బందోపాధ్యాయ బెంగాలీ నవల ‘పథేర్ పాంచాలి’ 1929లో పుస్తకంగా వచ్చింది. సత్యజిత్ రాయ్ చిత్రం 1955లో విడుదలయింది. నవలలో పేదింటి పిల్ల దుర్గ, తమ్ముడు అపును వెంటబెట్టుకుని రైలు చూడబోతుంది, చూడలేకపోతుంది. ఆ కోరిక తీరకుండానే జ్వరంతో కన్నుమూస్తుంది. చిత్రంలో రైలు వస్తుంది. రెల్లుపూల నడుమ అక్కాతమ్ముళ్ళు దానికోసం పరుగెత్తుతారు.

రచయిత ఇవ్వని రైలును దర్శకుడు దుర్గకు దానం చేశాడా? చేసివుంటే దాన్ని నేను దయ అనను, దారిద్ర్యానికి పూసిన రంగు అంటాను. ప్రేక్షకుడు తృప్తిగా ఇంటికి పోతాడు. ఆ పిల్లకు దక్కనిదేమిటో మరిచిపోతాడు.

కాని ఆ దృశ్యాన్ని శ్రద్ధగా చూడండి. పరుగులో దుర్గ తూలి పడిపోతుంది. పట్టాలదాకా చేరేది అపు ఒక్కడే. ఘట్టం మారింది, లోటు మారలేదు.

రచయిత వాక్యాలను మార్చే స్వేచ్ఛ దర్శకునికి ఉంది. ఆ రచయిత ఎవరి బాధకు సాక్షిగా నిలిచాడో, ఆ మనిషిపట్ల బాధ్యతనుంచి మాత్రం అతనికి విడుదల లేదు. మన నవలలు తెరకెక్కినప్పుడూ నేను అడిగేది ఇదే: కథలో నష్టపోయినవారి నష్టం తెరమీద మిగిలిందా, లేక టిక్కెట్టు కొన్నవారి సుఖంకోసం చెరిగిపోయిందా?