పిట్టగోడ లేని డాబా



ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనంలో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. చదువుతూ చదువుతూ మనం దాని దగ్గర ఆగకుండా వెళ్లిపోతుంటాం. కొత్త ఇల్లు కట్టుకునేవాడు కప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలనీ, కట్టకపోతే ఎవరైనా పైనుంచి పడి చనిపోయినప్పుడు ఆ రక్తదోషం ఆ ఇంటిని అంటుకుంటుందనీ ప్రభువు మోషేద్వారా తన ప్రజలకు సెలవిచ్చాడు.

పాలస్తీనా దేశంలో ఇళ్ల కప్పులు చదునుగా ఉండేవి. అక్కడ నార ఎండబెట్టుకునేవారు, వేడిరాత్రులలో నిద్రించేవారు, ప్రార్థన చేసుకునేవారు. పేతురుగారు యొప్పాలో మధ్యాహ్నవేళ ప్రార్థనకు మేడమీదికి వెళ్లారని అపోస్తలుల కార్యములు 10వ అధ్యాయంలో చదువుతున్నాం. గోదావరి జిల్లాలవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. వేసవిలో కరెంటు పోతే చాపలు పట్టుకుని ఎక్కేది డాబామీదికే. ఒడియాలు పెట్టేది అక్కడే. సంక్రాంతికి పిల్లలు గాలిపటాలు ఎగరేసేదీ అక్కడే. పిట్టగోడ లేని డాబామీదికి బిడ్డను ఒంటరిగా పంపే తల్లి మనలో ఎవరైనా ఉన్నారా?

ఆ ఆజ్ఞలో ఒక విశేషం గమనించండి. ఆ ఇంటి యజమాని ఎవరినీ తోయలేదు. ఎవరిమీదా అతనికి పగ లేదు. ప్రమాదం కళ్లెదుట కనిపిస్తున్నా గోడ మాత్రం కట్టలేదు. దేవుని దృష్టిలో దోషానికి అది చాలు. నరహత్యను నిషేధించే ఐదవ ఆజ్ఞ కత్తి పట్టినవానితో పాటు, ఇటుకలు తన దగ్గర ఉండి కూడా గోడ కట్టనివానికీ వర్తిస్తుందన్నమాట.

ఈ వారం ఈ ఆజ్ఞను పట్టుకుని అన్నవరం వరకు వెళ్లి వద్దాం. రత్నగిరిమీద సత్యదేవుని సన్నిధిలో పెళ్లి చేసుకోవడం మన హైందవ సోదరులకు ఎంతో ప్రీతి. మంచి ముహూర్తాల రోజులలో కొండమీద ఒకే రాత్రి ఎన్నో పెళ్లిళ్లు జరుగుతాయి. పెళ్లికూతురితో పాటు తోడిపెళ్లికూతురు, ఆడపడుచులు, పిన్నమ్మలు అందరికీ అలంకరణ కావాలి. అన్నవరంలోనూ, తునిలోనూ, కాకినాడ, రాజమండ్రి పట్టణాలలోనూ బ్యూటీ పార్లర్లకు అదే పంటకాలం. మన విచారణలలోనూ అంతే. గుడిలో వివాహమైనా, బిడ్డల తొలి సత్ప్రసాద స్వీకారమైనా, ముందురోజు పార్లరుకు వెళ్లిరావడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. అలంకరించుకోవడం తప్పని చెప్పడం నా ఉద్దేశం కాదు. కానా ఊరి పెండ్లిలో సంతోషం తగ్గకూడదని నీటిని ద్రాక్షారసంగా మార్చిన ప్రభువు మన ప్రభువు.

అయితే మన గోళ్లకు రంగు వేసే ఆ అమ్మాయి ఎవరు? పదో తరగతో ఇంటరో చదివి, కొన్ని నెలలు బ్యూటీషియన్ కోర్సు నేర్చుకుని, ఇంటికి నాలుగు డబ్బులు తెస్తున్న ఒక తల్లి కూతురు. ఆమె పనిచేసే గది ఎలా ఉంటుందో తలచుకోండి. పదడుగుల గది. ఏసీ చల్లదనం పోకుండా తలుపు, కిటికీ మూసి ఉంటాయి. గోడకు బిగించే ఏసీలు ఎక్కువగా లోపలి గాలినే చల్లబరచి మళ్లీ లోపలికే వదులుతాయి. బయటి గాలిని తేవు, లోపలి ఆవిరిని బయటికి పంపవు. మనం అక్కడ అరగంట కూర్చుని లేచి వస్తాం. ఆమె పొద్దుటినుంచి రాత్రివరకు, ముహూర్తాల రోజులలో అర్ధరాత్రివరకు, ఆ గాలినే పీలుస్తుంది.

ఆ గాలిలో ఏముంటుంది? రంగు తుడిచే రిమూవరులో ఎసిటోన్ ఉంటుంది. అది చప్పున ఆవిరవుతుంది, కళ్లను, గొంతును మండిస్తుంది, తలనొప్పి తెస్తుంది. దాని ఆవిరి గాలికంటే బరువైనది కనుక కిందికి దిగి పేరుకుంటుంది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. కొన్ని గోళ్ల రంగులలో టోలుయీన్, ఫార్మాల్డిహైడ్, డైబ్యూటైల్ థాలేట్ అనే మూడు రసాయనాలు వాడుతూ వచ్చారు. ఆరోగ్య కార్యకర్తలు వాటికి విషత్రయం అని పేరుపెట్టారు. టోలుయీన్ తల తిరిగేలా చేస్తుంది, ఎక్కువగా పీల్చితే కడుపులోని బిడ్డకు కూడా హాని. ఫార్మాల్డిహైడ్ మనుషులకు కాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. జుట్టు సాపు చేయడానికి వాడే కొన్ని క్రీములు ఇస్త్రీపెట్టె వంటి సాధనంతో వేడి చేసినప్పుడు ఆ ఆవిరినే వదులుతాయని అమెరికా కార్మిక రక్షణ శాఖ 2011లో హెచ్చరించింది.

ఇక జెల్ పాలిష్, అతికించే గోళ్ల సంగతి. వాటిలోని యాక్రిలేట్ పదార్థాలు గట్టిపడకముందు చర్మానికి తగిలితే దురద, పుండ్లు, గోరు ఊడడం వంటి అలర్జీలు వస్తాయని 2018లో బ్రిటన్ చర్మవైద్యుల సంఘం హెచ్చరించింది. ఒకసారి పట్టిన ఆ అలర్జీ జీవితాంతం ఉండిపోవచ్చు. రేపు పంటికి సిమెంటు వేయించుకోవలసి వచ్చినా అది అడ్డు తగలవచ్చు. జెల్ రంగులను గట్టిపరచడానికి వాడే టీపీఓ అనే పదార్థం సంతానశక్తికి హాని చేయగలదని జంతువులపై చేసిన పరీక్షలలో కనిపించినందున, ఐరోపా సమాఖ్య 2025 సెప్టెంబరు 1 నుంచి దానిని సౌందర్య సాధనాలలో నిషేధించింది.

ఇవన్నీ చెప్పి మిమ్మల్ని భయపెట్టడం నా పని కాదు. ఈ పని చేసే ప్రతి ఆడబిడ్డకూ జబ్బు వస్తుందని ఎవరూ అనడం లేదు. పిట్టగోడ లేని డాబా ఎక్కిన ప్రతివాడూ పడడు కదా! అయినా ప్రభువు గోడ కట్టమన్నాడు.

“వాసన అలవాటైపోయిందండీ, ఇప్పుడేమీ తెలియడం లేదు” అని ఆ అమ్మాయిలు అంటుంటారు. అలవాటైంది ముక్కుకు మాత్రమే. ఊపిరితిత్తులకు, రక్తానికి అలవాటు కాలేదు. సాయంత్రానికి తల దిమ్ముగా ఉండడం, కళ్లు నీళ్లు కారడం, వేళ్లు పగలడం, దగ్గు విడవకపోవడం, ఇవన్నీ శరీరం పలికే మాటలు. పనివాని జీతం బిగబట్టితే ఆ జీతమే దేవునికి మొరపెడుతుందని యాకోబుగారు తన లేఖ 5వ అధ్యాయంలో రాశారు. బిగబట్టిన జీతానికే నోరుంటే, బిగబట్టిన గాలికి నోరుండదా?

కొందరు అడగవచ్చు: “గోళ్ల రంగుల గొడవ గుడిలో ఎందుకు గురువుగారూ? ఆమె డబ్బు తీసుకునే చేస్తోంది, ఇష్టపడే చేరింది కదా?”

మొదటి ప్రశ్నకు పవిత్ర గురువారమే జవాబు. యోహాను సువార్త 13వ అధ్యాయంలో ప్రభువు పైవస్త్రం తీసి, తువాలు నడుముకు కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి, శిష్యుల పాదాల దగ్గర కూర్చున్నాడు. మన పాదాలను ఒడిలో పెట్టుకుని, నీళ్లతో కడిగి, మడమల పగుళ్లు రుద్ది, తువాలుతో తుడిచే మనిషి ఈ రోజులలో ఎవరు? పార్లరులో చిన్న స్టూలుమీద కూర్చున్న ఆ అమ్మాయే. ప్రభువు తనకోసం ఎంచుకున్న చోటులో ఆమె కూర్చుంది. ఆ చోటును తక్కువ చూపు చూసే హక్కు క్రైస్తవునికి లేదు.

రెండవ ప్రశ్నకు శ్రీసభ ఎప్పుడో జవాబు చెప్పింది. 13వ లియో పోపుగారు 1891 మే 15న వెలువరించిన రేరుమ్ నోవారుమ్ విశ్వలేఖలో, పనివాని శరీరం అరిగిపోయేటంత పని చేయించడం న్యాయం కాదన్నారు. ఒప్పుకుని చేరినంత మాత్రాన అన్యాయం న్యాయమైపోదని కూడా ఆయన వివరించారు. 2వ జాన్ పాల్ పోపుగారు 1981లో మనిషి పనిని గురించి రాసిన విశ్వలేఖలో, ఆరోగ్యానికి హాని చేయని పనిచోటును కార్మికుల హక్కులలో ఒకటిగా లెక్కించారు. 2025 మేలో ఎన్నికైన 14వ లియో పోపుగారు ఆ పేరు ఎంచుకోవడానికి ఆ మొదటి విశ్వలేఖ ఒక ముఖ్య కారణమని తామే చెప్పారు. ఆకలిగొన్న మనిషి దేనికైనా ఒప్పుకుంటాడు. ఆ ఒప్పుకోలును అడ్డం పెట్టుకుని మన చేతులు కడుక్కోలేము. అలా కడుక్కున్న పిలాతును మనం ప్రతి ఆదివారం విశ్వాససంగ్రహంలో తలచుకుంటూనే ఉన్నాం.

చట్టం సంగతి కూడా చెప్పాలి. పనిచోట భద్రత, ఆరోగ్యాలకు సంబంధించి 2020లో చేసిన కేంద్ర చట్టం 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. ప్రమాదం లేని పనిచోటు కల్పించడం యజమాని బాధ్యత అని అది చెబుతోంది. మంచిదే. కానీ సాధారణంగా అది పదిమంది లేక అంతకుమించి పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. మన ఊళ్లలోని పార్లర్లలో యజమానురాలితో కలిపి ముగ్గురో నలుగురో ఉంటారు. చట్టం చేయి చాలని ఆ చోట మనస్సాక్షి చేయి చాపాలి.

అలా చాపితే ఫలితం ఉంటుందా? ఉంటుంది. అమెరికాలోని గోళ్ల సెలూన్లలో వియత్నాం, కొరియా, నేపాల్ దేశాలనుంచి వలసవచ్చిన స్త్రీలు ఎక్కువగా పనిచేస్తారు. 2015లో న్యూయార్కులో వారి కష్టాలను ఒక పత్రిక బయటపెట్టగా, ఆ రాష్ట్ర గవర్నరు వెంటనే అత్యవసర చర్యలకు ఆదేశించారు. అంతకుముందే కాలిఫోర్నియాలో పనివారు, వైద్యులు, యజమానులు ఒక కూటమిగా ఏర్పడి పోరాడారు. హానికరమైన రంగులు మానేసి, గాలి వచ్చే ఏర్పాటు చేసుకుని, పనివారికి శిక్షణ ఇప్పించిన సెలూన్లకు గుర్తింపు ఇచ్చే పద్ధతిని శాన్‌ఫ్రాన్సిస్కో నగరం 2010లో తెచ్చింది. కొనుగోలుదారులు ఆ గుర్తింపు చూసి వెళ్లవచ్చు. ఇంకొక పాఠం కూడా అక్కడినుంచే వచ్చింది. 2012లో ఆ రాష్ట్ర ప్రభుత్వ శాఖ పరీక్షించినప్పుడు, విషాలు లేవని చీటీ అంటించిన కొన్ని సీసాలలోనే ఆ విషాలు దొరికాయి. కాబట్టి సీసామీది చీటీని నమ్మి కిటికీ మూయకూడదు.

మరి మన పిట్టగోడ ఎలా కట్టాలి? ఇవి ఆ ఇటుకలు.

పార్లరు నడిపే సహోదరీ, గోడకు ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించు. చాలాచోట్ల ఒక్క పెళ్లికూతురి అలంకరణకు తీసుకునే డబ్బులో దాని ఖరీదు వెళ్లిపోతుంది. అది పనిచేసేవారి ముఖం మీదుగా కాక, ముఖానికి దూరంగా గాలిని లాగేటట్టు చూడు. కిటికీ తెరిచి ఉంచు. మూతలేని సీసా బల్లమీద ఉండనీయకు. రిమూవరు తడిసిన దూదిని మూత ఉన్న డబ్బాలో వేయించు. ఆ బల్ల దగ్గర దీపం, అగరువత్తి, కొవ్వొత్తి వెలిగించవద్దు. నైట్రైల్ చేతితొడుగులు కొని ఇవ్వు, మాటిమాటికీ మార్చనివ్వు. గర్భిణి అయిన అమ్మాయిని ఆ ఆవిరికి దూరమైన పనిలో పెట్టు, జీతం మాత్రం కోయవద్దు.

పనిచేసే బిడ్డా, గుడ్డ మాస్కు దుమ్మును కొంత ఆపుతుందేమో కాని ఆవిరిని ఆపదు. గంటకోసారి బయటికి వెళ్లి గాలి పీల్చుకో. ఆ బల్ల దగ్గర అన్నం తినకు, తినేముందు చేతులు సబ్బుతో కడుక్కో. ఒంట్లో మార్పు కనిపిస్తే దాచుకోక డాక్టరుకు చూపించు, ఏ రసాయనాలతో పనిచేస్తున్నావో ఆయనకు చెప్పు. నీ శరీరం పరిశుద్ధాత్మకు ఆలయమని పౌలుగారు చెప్పిన మాట నీకూ వర్తిస్తుంది.

పార్లరుకు వెళ్లే అమ్మలారా, అక్కలారా, బేరం ఆడేముందు ఆ గదిలో గాలి ఆడుతోందో లేదో చూడండి. “ఫ్యాన్ వేయమ్మా, కిటికీ తియ్యి, కాస్త ఉక్కపోసినా ఫరవాలేదు” అని మీరే అనండి. పనిపిల్ల అడిగితే యజమాని విసుక్కోవచ్చు; డబ్బిచ్చే మీరు అడిగితే వింటుంది. కువైటుకో, దుబాయికో పార్లరు పనికి బిడ్డను పంపుతున్న తల్లిదండ్రులారా, జీతమెంత అని అడిగిన నోటితోనే పనిచోటు ఎలాంటిదని కూడా అడగండి.

విచారణలో మనం చేయగలిగిందీ ఉంది. మే 1న, కార్మికుల పాలకుడైన పునీత జోజప్పగారి పండుగనాడు, మన ప్రాంతంలోని పార్లరు పనివారిని, క్షౌరశాలలలో పనిచేసే సోదరులను మతభేదం లేకుండా విచారణ హాలుకు పిలిచి, ఒక డాక్టరుచేతనో, నర్సు సిస్టరుగారిచేతనో ఈ సంగతులు తెలుగులో చెప్పించవచ్చు. సీసాలమీద ఇంగ్లీషు అక్షరాలు చదివి అర్థం చెప్పడానికి మన కాలేజీ పిల్లలు చాలు.

వచ్చే పవిత్ర గురువారం గురువులు పన్నెండుమంది పాదాలు కడిగేటప్పుడు, మన పాదాలు కడిగిన చేతులు ఆ రోజు ఎలా ఉన్నాయో ఒక్కసారి తలచుకుందాం. పగిలి ఉన్నాయా? మండుతున్నాయా? మనకు అందం ఇచ్చినందుకు ఆమె ఆరోగ్యం తీసుకున్నామా?

ప్రభువా, మా ఇళ్లకూ మా అంగళ్లకూ పిట్టగోడ కట్టే బుద్ధి మాకు దయచేయుము. మాకోసం వంగి పనిచేసే ప్రతి ఆడబిడ్డకు మంచి గాలిని, మంచి ఆరోగ్యాన్ని ప్రసాదించుము. ఆమెలో నిన్ను చూసే కన్నులు మాకిమ్ము. ఆమెన్.