మూడు గంటల సైరన్



ఇల్లందు దగ్గర బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. పక్కనే ఉన్న సింగరేణి అనే చిన్న పల్లె పేరే తర్వాత మొత్తం కంపెనీ పేరయింది. ఇదంతా పుస్తకాల్లో దొరుకుతుంది. మా నాయన గురించి మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ముప్పై ఏళ్లు బాయి దిగాడు. మా వైపు గనిని బాయి అనే అంటారు.

పొద్దుటి షిఫ్టుకు తెల్లారకముందే లేచేవాడు. పిల్లల నిద్ర చెడుతుందని లైటు వేసేవాడు కాదు. చీకట్లోనే చొక్కా తడిమి వెతుక్కునేవాడు. రోజంతా భూమి లోపల చీకట్లో పనిచేసే మనిషి, ఇంట్లో కూడా మా కోసం చీకట్లోనే తడుముకున్నాడు. తలుచుకుంటే ఈరోజుకీ గొంతు పూడుకుపోతుంది.

సాయంత్రం ఎంత సబ్బు రుద్దినా రెప్పల అంచున బొగ్గు పోయేది కాదు. చెల్లె ఒళ్లో కూర్చుని, "నాయనా, నువ్వు కూడా కాటుక పెట్టుకున్నవా?" అనేది. "మీ అమ్మ పెట్టింది బిడ్డా" అనేవాడు. అప్పుడే చొక్కా జేబులోంచి కాగితం పొట్లం బయటికొచ్చేది. క్యాంటీన్‌లో తన వంతు సమోసాలు, చల్లారి మెత్తబడినవి. వాటంత రుచి నేను మళ్లీ చూడలేదు.

జీతం రోజు కవరు విప్పకుండా అమ్మ చేతిలో పెట్టేవాడు. బస్సు ఛార్జీలకు కూడా ఆమెనే అడిగేవాడు.

నాయన పోయి నాలుగేళ్లయింది. మధ్యాహ్నం మూడింటికి షిఫ్టు ముగిసే సైరన్ వినబడితే అమ్మ ఇప్పటికీ లేచి, పొయ్యి మీద స్నానానికి నీళ్లు పెడుతుంది.